ఆ కేసులో ‘తదితరులు’ ఎవరు?

మనమందరం ప్రొఫెసర్ సాయిబాబా కేసు అంటున్న కేసుకు కోర్టు కాగితాల మీద ఆ పేరు లేదు. బొంబాయి హైకోర్టు నాగపూర్ ధర్మాసనం 2022లోనూ, మళ్లీ 2024లోనూ ఇచ్చిన తీర్పుల మీద ఉన్న పేరు మహేశ్ కరిమన్ తిర్కి. ఆ తర్వాత ‘తదితరులు’ అని ఉంటుంది. మొదటి ముద్దాయి మహేశ్ తిర్కి. రెండో ముద్దాయి పాండు నరోటే. ఇద్దరూ గడ్చిరోలి జిల్లా ఏటాపల్లి తాలూకా ఆదివాసులు. మూడో ముద్దాయి హేమ్ మిశ్రా ఢిల్లీలో చదువుకున్న సాంస్కృతిక కార్యకర్త, నాలుగో ముద్దాయి ప్రశాంత్ రాహి పత్రికా రచయిత. ఐదో ముద్దాయి విజయ్ తిర్కి మళ్లీ ఆదివాసి. సాయిబాబా ఆరో ముద్దాయి.

కోర్టు ఈ వరుసను గౌరవం కోసం పెట్టలేదు. ముందు పట్టుకున్నవాళ్ల పేర్లు ముందు వచ్చాయి, అంతే. కానీ మన తెలుగు రాతల్లో ఈ వరుస తలకిందులైంది. కోర్టు కాగితంలో ‘తదితరులు’లో ఉన్న మనిషి మన వ్యాసాల్లో శీర్షిక అయ్యాడు. శీర్షికలో ఉన్న ఆదివాసి ‘తదితరులు’లోకి పోయాడు. ‘సాయిబాబాతో పాటు మరో ఐదుగురు’ అన్న వాక్యాన్ని నేను ఎన్నిసార్లు చదివానో చెప్పలేను. ఆ ఐదుగురిలో ముగ్గురు మనవాళ్లన్న సంగతి ఆ వాక్యం చెప్పదు.

ఈ వ్యాసం సాయిబాబా గొప్పతనాన్ని తగ్గించడానికి కాదు. ఆయన గురించి ఇన్నేళ్లుగా వచ్చిన కవితలు, నివాళులు, ప్రత్యేక సంచికలు చదివిన ఒక ఆదివాసి టీచర్‌కు తోచిన లోటు చెప్పడానికి. హక్కుల కార్యకర్తను నిర్బంధించినప్పుడు మనం రాసే సాహిత్యాన్ని ఏ కొలతతో చూడాలి? నా కొలత ఒక్కటే. ఆయన ఎవరి కోసం మాట్లాడి జైలుకు పోయాడో, వాళ్లు ఆ రచనలో మనుషులుగా కనిపిస్తున్నారా లేదా?

ముందు ఆయనకు జరిగింది క్లుప్తంగా చెప్పుకుందాం. పిల్లలకు చెప్పేటప్పుడు తేదీలు తప్పు పోకూడదు.

అమలాపురం ప్రాంతంలో పేద కుటుంబంలో పుట్టిన సాయిబాబాకు ఐదేళ్ల వయసులో పోలియో వచ్చింది. తొంభై శాతం వైకల్యం. చక్రాల కుర్చీ లేకుండా కదలలేడు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలోని రామ్‌లాల్ ఆనంద్ కళాశాలలో ఇంగ్లీషు పాఠాలు చెప్పేవాడు. 2009లో మధ్య భారత అడవుల్లో మొదలైన గ్రీన్‌హంట్ దాడులను, ఖనిజాల కోసం ఆదివాసులను ఊళ్ల నుంచి వెళ్లగొట్టడాన్ని దేశ విదేశాల్లో ఎండగట్టాడు. 2013 సెప్టెంబరులో ఆయన ఇల్లు సోదా చేశారు. 2014 మే 9న కాలేజీ నుంచి ఇంటికి పోతుంటే దారిలో పట్టుకుని నాగపూర్ తీసుకుపోయారు. అప్పుడు చెయ్యి పట్టి ఈడ్చడంతో ఎడమ చేతి నరాలు దెబ్బతిన్నాయని ఆయన చెప్పాడు. నాగపూర్ సెంట్రల్ జైలులో అండా సెల్‌లో పెట్టారు. మధ్యలో కొంతకాలం బెయిలు దొరికింది. 2017 మార్చి 7న గడ్చిరోలి సెషన్స్ కోర్టు ఉపా చట్టం కింద ఐదుగురికి జీవిత ఖైదు, విజయ్ తిర్కికి పదేళ్ల శిక్ష వేసింది.

2020 ఆగస్టు 1న ఆయన తల్లి సూర్యవతి చనిపోయింది. చివరి చూపుకు కూడా పెరోల్ ఇవ్వలేదు. 2021లో కాలేజీ ఉద్యోగం నుంచి తీసేసింది. 2022 మేలో ఆయన గది ముందు బిగించిన కెమెరా మరుగుదొడ్డిని, స్నానం చేసే చోటును కూడా చూసేలా ఉందని కుటుంబం ఫిర్యాదు చేసింది. ఆ ఏడాది అక్టోబరు 14న హైకోర్టు అందరినీ విడుదల చేయమంది. మర్నాడు శనివారం సెలవు రోజైనా సుప్రీంకోర్టు ప్రత్యేకంగా కూర్చుని ఆ తీర్పును నిలిపేసింది. 2023 ఏప్రిల్‌లో కేసును తిరిగి హైకోర్టుకు పంపింది. 2024 మార్చి 5న హైకోర్టు మళ్లీ, ఈసారి సాక్ష్యాలన్నీ పరిశీలించి, అందరూ నిర్దోషులే అంది. మార్చి 7న సాయిబాబా బయటికి వచ్చాడు. ఏడు నెలలకే, అక్టోబరు 12న, హైదరాబాద్ నిమ్స్‌లో చనిపోయాడు. వయసు 57.

రెండుసార్లు నిర్దోషి అయిన మనిషిని, తన కాళ్ల మీద తాను నిలబడలేని మనిషిని, ఈ దేశం ఇలా చూసింది. దీని మీద మనవాళ్లు రాసిన దుఃఖంలో అబద్ధం లేదు. ఆ దుఃఖం ఎక్కడ ఆగిపోయిందన్నదే నా ప్రశ్న.

పాండు నరోటే 2024 తీర్పు వినలేదు, 2022 తీర్పు కూడా వినలేదు. ఆయన్ను 2013 ఆగస్టులో పట్టుకున్నారు. 2022 ఆగస్టులో స్వైన్ ఫ్లూ సోకి నాగపూర్ ప్రభుత్వాసుపత్రిలో చనిపోయాడు. వైద్యం ఆలస్యం చేశారని ఆయన తరఫువాళ్లు ఆరోపించారు. అప్పటికి ముప్పై మూడేళ్లవాడు. మొదటి విడుదల తీర్పు రావడానికి ఇంకా రెండు నెలలు కూడా లేదు. చక్రాల కుర్చీ లేదు, పాత రోగం లేదు. అడవిలో పుట్టి పెరిగిన పడుచు మనిషి జ్వరంతో పోయాడు. పోయాక కోర్టు ఆయన్ను నిర్దోషి అంది. ఆయన మీద మన తెలుగులో ఎన్ని కవితలు వచ్చాయి? నా కంట పడినంతలో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఇక్కడ ఒక చిన్న సంగతి చూడండి. మన రాతల్లో సాయిబాబాను ‘ఆయన’ అంటాం. పాండును ‘అతడు’ అంటాం. కొన్నిచోట్ల ‘ఆ ఆదివాసి యువకుడు’ అని పేరు కూడా ఎత్తం. తప్పు పట్టడానికి కాదు, నేనూ ఈ వ్యాసం మొదట రాసుకున్నప్పుడు ‘అతడు’ అనే రాశాను. తర్వాత చదువుకుంటే సిగ్గేసి దిద్దుకున్నాను. ఒకే కేసు, ఒకే శిక్ష, ఒకే జైలు. మర్యాద మాత్రం చదువును బట్టి మారింది. మన భాషలో ఇలాంటివి మనకు తెలియకుండానే జరిగిపోతాయి. విమర్శ చేయాల్సింది వాటినే.

కేసు పేరు మారినట్టే కేసు కథ కూడా మారింది. ఈ కేసులో పాండు పేరు మీద, మహేశ్ పేరు మీద ఉన్న ‘రచన’ ఏమైనా ఉందా అంటే ఉంది. అహేరి మేజిస్ట్రేటు నమోదు చేసిన నేరం ఒప్పుకోలు వాంగ్మూలాలు. వాటిని తర్వాత వాళ్లు కాదన్నారు. అయినా 827 పేజీల సెషన్స్ తీర్పు వాటి మీద ఆధారపడింది. హైకోర్టు 2024లో వాటిని పక్కన పెట్టింది. వాంగ్మూలం తీసుకునేటప్పుడు పాటించాల్సిన జాగ్రత్తలు పాటించలేదంది.

సాహిత్య విద్యార్థిగా దీన్ని ఇంకోలా చూడండి. సాయిబాబా జైలు నుంచి ఉత్తరాలు రాశాడు, కవితలు రాశాడు. 2022లో అవి ఇంగ్లీషులో పుస్తకంగా వచ్చాయి. ప్రపంచమంతా ఆయన గొంతు విన్నది. అదే జైలులో అదే శిక్ష పడ్డ పాండు నరోటే పేరుతో లోకానికి దక్కిన మాటలు మాత్రం ఆయనే తర్వాత కాదన్న మాటలు. ఒకరికి సొంత గొంతు మిగిలింది. ఇంకొకరికి ఇంకొకరు రాసిపెట్టిన గొంతు మిగిలింది. జైలులో ఆదివాసికి జరిగే అన్యాయాల్లో ఇది కూడా ఒకటని మన విమర్శకులు గుర్తించలేదు.

మా పెదనాయన మీద పోడు భూమి కేసు ఒకటి ఉండేది. ఒక ఆఫీసులో తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు. ఆ కాగితంలో తర్వాత ఏం రాశారో ఆయనకు చచ్చేదాకా తెలియదు. కోర్టులో పేరు పిలిస్తే లేచి నిలబడేవాడు, కూర్చోమంటే కూర్చునేవాడు. వాయిదా అంటే బస్సు కిరాయి అని మాత్రమే ఆయనకు తెలిసింది. అందుకే ఒప్పుకోలు వాంగ్మూలం అన్న మాట వినగానే నాకు ఆ నీలిరంగు వేలిముద్ర గుర్తొస్తుంది.

చదువు రానితనాన్ని ఈ కేసు ఇంకోచోట కూడా వాడుకుంది. ఢిల్లీలో సాయిబాబా ఇంటి సోదాకు పంచ్ సాక్షిగా ఒక చదువురాని క్షురకుణ్ణి తీసుకొచ్చారు. విశ్వవిద్యాలయం చుట్టూ ఉన్న అంతమంది చదువుకున్నవాళ్లలో సాక్షిగా ఎవరూ దొరకలేదా అన్నది హైకోర్టుకు కూడా వచ్చిన అనుమానం. అడవిలోనైనా ఢిల్లీలోనైనా, కాగితం చదవలేనివాడి సంతకం వ్యవస్థకు ఎంత అక్కరకొస్తుందో చూడండి.

సెషన్స్ తీర్పులో మనం మరవకూడని ఇంకో మాట ఉంది. 1982 నుంచి నక్సలైట్ల భయం వల్ల గడ్చిరోలి జిల్లా స్తంభించిపోయిందని, పరిశ్రమలు, అభివృద్ధి రావడం లేదని న్యాయమూర్తి రాశాడు. జీవిత ఖైదు కూడా చాలదని, కానీ తన చేతులు కట్టేసి ఉన్నాయని రాశాడు. మహేశ్, పాండుల తాలూకా ఏటాపల్లి. సూర్జాగఢ్ ఇనుప గుట్టలు ఉన్నది ఆ తాలూకాలోనే. ఆ గుట్ట మాడియా గోండులకు దేవుడి నెలవు. గుట్టను తవ్వడం అభివృద్ధి, తవ్వొద్దనడం దానికి అడ్డు అన్న ఆలోచన ఒక క్రిమినల్ తీర్పులోకి ఎలా వచ్చి కూర్చుంది? బాక్సైట్ గురించి, బొగ్గు గురించి, అభయారణ్యం గురించి ఇవే మాటలు విన్న మనకు దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు. సాయిబాబా మీద రాసినవాళ్లలో ఎక్కువమంది ఆయన దేహం మీద రాశారు, చక్రాల కుర్చీ మీద రాశారు. ఆ గుట్ట మీద రాయలేదు. ఆయన మాట్లాడింది మాత్రం ఆ గుట్టల గురించే.

భాష సంగతికి వస్తాను. జైలు నుంచి తెలుగులో ఉత్తరాలు రాసుకోనివ్వలేదని, అందుకే ఇంగ్లీషులో రాసుకోవాల్సి వచ్చిందని ఆయన కుటుంబం చెప్పింది. కన్నతల్లి భాషలో ఇంటికి ఉత్తరం రాసుకోలేకపోవడం ఎంత క్రూరమో మన రచయితలు బాగా రాశారు. తెలుగువాళ్లు కాబట్టి ఆ బాధ వెంటనే తగిలింది. మాడియా మాట్లాడే పాండు సంగతి? ఆయన భాషలో ఉత్తరం రాయనివ్వకపోవడం దాకా కూడా పోనక్కర్లేదు. ఆ భాషను బడిలో నేర్పలేదు, కోర్టులో వినలేదు. నిషేధించాలంటే ముందు ఆ భాష ఒకటుందని గుర్తించాలి కదా. కోయ మాట్లాడే పిల్లవాడు మొదటి రోజు బడికొచ్చి తెలుగు పాఠం ముందు నోరు తెరవకుండా కూర్చోవడం మన టీచర్లందరికీ తెలుసు. ఆ పిల్లవాడే పెద్దయి బోనులో అలా నిలబడ్డాడనుకోండి. అదే పాండు నరోటే. గోదావరి, ప్రాణహిత దాటితే గడ్చిరోలి. మేడారం జాతరకు ఆ వైపు నుంచి బండ్లు కట్టుకుని వచ్చే జనం ఎవరు? మన చుట్టాలే.

జైలు గురించి రాయడం వరంగల్‌కు కొత్తేమీ కాదు. వట్టికోట ఆళ్వారుస్వామి నిజాం కాలం జైళ్లలో చూసిన మామూలు ఖైదీల మీద ‘జైలు లోపల’ కథలు రాశాడు. రాజకీయ ఖైదీగా పోయినవాడు తన గురించి కాక, తన పక్కన ఉన్న దొంగ అనిపించుకున్నవాడి గురించి రాశాడు. ఇది చాలా పెద్ద గుణం. వరంగల్ సి.కె.ఎం. కళాశాలలో తెలుగు చెప్పిన వరవరరావు 1980లలో సికింద్రాబాద్ జైలు నుంచి ‘సహచరులు’ రాశాడు. ఒంటరితనం, ఎదురుచూపు, ఉత్తరాలు, ములాఖత్‌లు ఎలా ఉంటాయో తెలుగువాళ్లకు చెప్పిన పుస్తకమది. భీమా కోరేగావ్ కేసులో 2018లో ఆయన్ను మళ్లీ జైల్లో పెట్టారు. ఎనభై ఏళ్ల వయసులో తలోజా జైలులో ఉండగా కరోనా సోకింది. చివరికి 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆరోగ్య కారణాల మీద బెయిలు ఇచ్చింది. అదే కేసులో అరెస్టయిన ఫాదర్ స్టాన్ స్వామి 2021 జులై 5న కస్టడీలోనే చనిపోయాడు. చేతులు వణికే ఆ ముసలాయన నీళ్లు తాగడానికి పీల్చే గొట్టం అడిగితే దానికి వారాల తరబడి వాయిదాలు నడిచాయి. ఆయన చేసిన నేరమేమిటంటే జార్ఖండ్ జైళ్లలో ఉన్న ఆదివాసి విచారణ ఖైదీలను వెతికి, వాళ్ల లెక్క తీసి, వాళ్ల తరఫున హైకోర్టుకు పోవడం.

వట్టికోటను, స్టాన్ స్వామిని నేను ఒక వరుసలో పెడతాను. ఇద్దరూ పక్కవాడి పేరు రాశారు.

మన ఊరిలో ఇంకో రాత పద్ధతి కూడా పుట్టి పెరిగింది. దాన్ని సాహిత్యమని ఎవరూ అనరు. అది పౌరహక్కుల సంఘం నిజనిర్ధారణ నివేదిక. కాకతీయ విశ్వవిద్యాలయంలో లెక్కలు చెప్పిన బాలగోపాల్, ఆయన తోటివాళ్లు ఊరూరు తిరిగి రాసిన నివేదికల్లో చనిపోయిన మనిషి పేరు, ఊరు, ఏం చేసి బతికేవాడు, ఎప్పుడు తీసుకుపోయారు, ఎవరు చూశారు అన్నీ ఉంటాయి. విశేషణాలు తక్కువ, వివరాలు ఎక్కువ. ఆ పనికి వరంగల్ మూల్యం చెల్లించింది కూడా. పిల్లల డాక్టరు, పౌరహక్కుల సంఘం నాయకుడు రామనాథంను 1985 సెప్టెంబరు 3న ఆయన క్లినిక్‌లోనే కాల్చి చంపారు. పాండు మీద మనకు కావలసింది అలాంటి రాత. ‘అడవిపువ్వు రాలిపోయింది’ వంటి మాటలు వద్దు. పువ్వులకు ఊరు ఉండదు, ఇల్లు ఉండదు, కేసు నంబరు ఉండదు.

ఒక వాదన నాకు తెలుసు. పేరున్న మనిషి ఉండబట్టే ఆ కేసు మీద ప్రపంచం కన్ను పడింది, ఐక్యరాజ్యసమితి నిపుణులు మాట్లాడారు, మంచి లాయర్లు వచ్చారు, ఆ వెలుగులో మహేశ్, విజయ్‌లు కూడా బయటపడ్డారు అని. ఇది నిజం. దీన్ని కాదంటే కృతఘ్నత అవుతుంది. బయటికొచ్చిన సాయిబాబా కూడా పాండు చావు గురించి బాధపడుతూ చెప్పాడు. ఆయన మరచిపోలేదు. ఆయన్ను కీర్తించినవాళ్లు ఆ భాగాన్ని వదిలేశారు. కానీ ఆ వాదన ఇంకో ప్రశ్నను మన ముందు పెడుతుంది. పేరున్న మనిషి ఎవరూ లేని కేసుల సంగతేమిటి? ఛత్తీస్‌గఢ్ సుక్మా జిల్లా బుర్కపాల్ కేసులో 2022 జులైలో 121 మంది ఆదివాసులు నిర్దోషులని తేలింది. ఐదేళ్లు పట్టింది. ఆ 121 మందిలో ఒక్క పేరు మనలో ఎవరికైనా తెలుసా? 2011 లెక్కల ప్రకారం దేశ జనాభాలో మనం 8.6 శాతం. జైళ్లలో మన వాటా అంతకంటే ఎక్కువ. జైళ్లలో ఉన్న ప్రతి నలుగురిలో ముగ్గురు ఇంకా శిక్ష పడని విచారణ ఖైదీలే.

ఇక మన ఇంటి సంగతి. తెలుగు రచయితలను అనడం తేలిక. మన ఆదివాసి సంకలనాలు తీసి చూడండి. సమ్మక్క సారలమ్మ ఉన్నారు, కొమురం భీం ఉన్నాడు, ఇంద్రవెల్లి ఉంది. ఉండాలి. కానీ ఇప్పుడు జైల్లో ఉన్నవాడు, నిన్న విడుదలై ఊరికొచ్చి పని దొరకని వాడు, వాయిదాలకు తిరిగి తిరిగి ఎడ్లు అమ్ముకున్నవాడు మన పుస్తకాల్లో లేడు. చరిత్రలో చచ్చిపోయిన వీరుణ్ణి రాయడానికి భయం లేదు. పక్క గూడెంలో బతికున్న ముద్దాయిని రాయడానికి భయం. ఉద్యోగం ఉంది, పిల్లలున్నారు. నాకూ ఉంది ఆ భయం. దాన్ని దాచుకుని ఇతరులను విమర్శించడం బాగుండదు.

అయినా టీచర్లు చేయగలిగిన పని ఒకటుంది. దానికి పెద్ద ధైర్యం అక్కర్లేదు, పాఠం చెప్పడం వస్తే చాలు. పిల్లలకు సెలవు చీటీ రాయడం నేర్పుతున్నాం. ఎఫ్.ఐ.ఆర్. చదవడం కూడా నేర్పుదాం. అరెస్టు చేస్తే కారణం చెప్పాలని, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలని రాజ్యాంగం 22వ అధికరణం చెబుతుంది. పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదు. మేజిస్ట్రేటు ముందైతే, ఒప్పుకోవాల్సిన పని నీకు లేదని ఆయన ముందుగా చెప్పి తీరాలి. కోర్టులో సాక్ష్యం నడిచే భాష తెలియకపోతే అర్థమయ్యే భాషలో వివరించమని అడగవచ్చు. షెడ్యూల్డు తెగలవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇవ్వాలని 1987 న్యాయసేవల చట్టం చెబుతుంది. చదవని కాగితం మీద, ఖాళీ కాగితం మీద వేలిముద్ర వేయొద్దు. ఈ ఆరు మాటలు కోయలో, గోండిలో, లంబాడీలో చెప్పగలిగిన టీచరు తన ఊరికి పెద్ద సాయం చేసినట్టే.

రాసే పిల్లలకు ఇంకో మాట. మీ మండలంలో కేసులున్న మన ఇళ్లకు పోయి కూర్చోండి. కవిత రాయకండి, ముందు వినండి. వాళ్ల భాషలో వినండి, వాళ్లు చెప్పింది వాళ్లు చెప్పినట్టే రాయండి. రాసింది వాళ్లకు చదివి వినిపించి, సరేనంటేనే ఉంచండి. పేరు రాస్తే మళ్లీ ఆపద వస్తుందంటే పేరు దాచండి. కానీ మనిషిని దాచకండి. ఇంకొకరు రాసిపెట్టిన గొంతుకు బదులు ఇదీ నా గొంతు అని చెప్పుకునే కాగితం ఒక్కటైనా ఆ ఇంట్లో ఉండాలి.

వరంగల్ సెంట్రల్ జైలును 2021లో కూల్చేశారు. ఆ జాగాలో పెద్దాసుపత్రి లేచింది. ఆ గోడల మధ్య గడిపిన చదువుకున్నవాళ్ల జ్ఞాపకాలు పుస్తకాల్లో ఉన్నాయి. అడవి నుంచి వచ్చి అక్కడ ఏళ్లు గడిపిన మనవాళ్ల జ్ఞాపకాలు గోడలతో పాటే పోయాయి. జైలు పోతే సంతోషమే. ఆ పోయిన జ్ఞాపకాలు మాత్రం మనం రాయలేదు కాబట్టి పోయాయి.

సాయిబాబా వర్ధంతి ఏటా అక్టోబరు 12న వస్తుంది. ఈసారి మన బడుల్లో, మన సంఘాల్లో ఆయన్ను తలుచుకునేటప్పుడు కోర్టు రాసుకున్న వరుసలోనే పేర్లు చదువుదాం. మహేశ్ తిర్కి. పాండు నరోటే. హేమ్ మిశ్రా. ప్రశాంత్ రాహి. విజయ్ తిర్కి. జి.ఎన్. సాయిబాబా. తన పేరు చివరికి వచ్చిందని నొచ్చుకునే మనిషి కాడు ఆయన.